గుమ్మం దాకా వచ్చిన పని

మూడు రోజులుగా మా అమ్మాయి ఇంట్లో ఏదో పిట్ట కూస్తోంది. పిట్ట అన్నది నేనే. నిమిషానికోసారి ‘కిచ్’మని ఒక్క కూత, ఆపైన నిశ్శబ్దం. ఇక మానేసిందిలే అనుకుని దుప్పటి ముసుగు పెట్టుకోగానే మళ్ళీ ‘కిచ్’. మా ఆవిడ కిటికీలన్నీ తెరిచి చూసింది. ఫ్రిజ్ వెనక టార్చి వేసి చూసింది. రెండో రాత్రి ఒంటిగంటకు దొంగ దొరికాడు. మెట్ల పైన, రెండంతస్తుల ఎత్తున, కప్పుకు అంటుకుని ఉన్న పొగ అలారం. లోపల బ్యాటరీ అయిపోవస్తే అది అలా అరుస్తుందట.

అమ్మాయి, అల్లుడు, మనవరాలు వారం రోజులకని కాలిఫోర్నియా వెళ్ళారు. ఫోను చేస్తే చిటికెలో తేలిపోయే సంగతే. చెయ్యలేదు. “ఈ మాత్రం దానికి పిల్లల్ని కంగారు పెట్టడం దేనికి?” అనుకున్నాం. ఆరు నెలలకని అమెరికా వచ్చిన అమ్మానాన్నలందరూ పొద్దున్నే చదువుకునే మంత్రం ఇది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు.

తలుపు తట్టడం గురించి నాకు కొంచెం తెలుసు. తపాలా శాఖలో 36 ఏళ్ళు పనిచేశాను. అందులో మొదటి పదకొండేళ్ళు కోనసీమలో, రాజోలు తాలూకా పల్లెల్లో, సైకిలు మీద ఉత్తరాలు పంచాను. చప్పుడును బట్టి మనిషిని చెప్పొచ్చు. అప్పు వసూలుకొచ్చినవాడు అరచేత్తో బాదుతాడు. చుట్టం గొళ్ళెం ఆడిస్తాడు. పోస్ట్‌మన్‌కు తలుపుతో పనిలేదు, వీధిలోంచే కేకేస్తాడు. ఆ రోజు వినబడ్డది మూడు మెత్తటి దెబ్బలు, ఆ తర్వాత రెండడుగులు వెనక్కి వేసిన బూట్ల చప్పుడు. తట్టి వెనక్కి జరిగేవాడు ‘లేదు’ అనిపించుకోవడానికి అలవాటుపడ్డవాడు.

తీస్తే ఇద్దరు కుర్రాళ్ళు. తెల్ల చొక్కాలు, టైలు, జేబు మీద నల్ల పేరుబిళ్ళలు. ఆ బిళ్ళల మీద ఇంటిపేరుకు ముందు ‘ఎల్డర్’ అని ఉంది. అంటే పెద్ద. నూనూగు మీసం కూడా సరిగా రాని పంతొమ్మిదేళ్ళ పిల్లాడు తనను తాను పెద్ద అని చెప్పుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఒకడు ఐడహో నుంచి, రెండోవాడు సమోవా దీవుల నుంచి. రెండోవాడు మా గుమ్మం పట్టనంత ఆజానుబాహువు.

“మీకు మేం చేయగలిగిన సాయం ఏమైనా ఉందా సర్?” అన్నాడు ఐడహో అబ్బాయి.

“నో నో, థాంక్యూ” అన్నాను. ఆలోచించి అన్నమాట కాదది, నోటికి అలవాటు. పెళ్ళిలో “ఇంకొంచెం పులిహోర?” అంటే విస్తరి మీద చెయ్యి అడ్డం వెళ్తుందే, అలాగే.

అప్పుడు పైనుంచి ‘కిచ్’ అంది.

సమోవా అబ్బాయి తల ఎత్తాడు. “అది ఎన్నాళ్ళుగా అరుస్తోంది సర్?”

మూడు రోజులు, అని ఒప్పుకోక తప్పలేదు. నిచ్చెన గరాజులో సైకిళ్ళ వెనకాల ఉంది. ఒకడు పట్టుకున్నాడు, ఒకడు ఎక్కాడు. పాత బ్యాటరీ ఊడదీసి చూశాడు. మన చిన్న ట్రాన్సిస్టర్లలో వేసుకునేవాళ్ళమే, ఆ చిన్న పెట్టెలాంటి 9 వోల్టులది. ఇంట్లో లేదు. ఇద్దరూ వెళ్ళి అరగంటలో రెండు తెచ్చి, ఒకటి బిగించి, రెండోది వంటింటి సొరుగులో పెట్టారు, మళ్ళీ అవసరమవుతుందని. డబ్బిస్తే తీసుకోలేదు.

మా ఆవిడ టీ పెట్టింది. వద్దన్నారు. పోనీ కాఫీ? అదీ వద్దన్నారు. వాళ్ళ సంఘంలో టీ, కాఫీ, మందు, పొగాకు నాలుగూ నిషేధం. ఆవిడకు ఇంగ్లీషు రాదు, కాబట్టి ఆవిడకు అర్థమైంది ఒకటే, తన చేతి టీ కాదన్నారని. మొహం ముడుచుకుని లోపలికి వెళ్ళింది. రెండు నిమిషాల్లో అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ పట్టుకొచ్చింది. దానికి ఏ నిషేధమూ లేదట. సమోవా అబ్బాయి మూడు గ్లాసులు తాగాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాడి పేరు మజ్జిగబ్బాయి.

*

మా అమ్మాయి ఉండేది యూటా రాష్ట్రంలో లీహై అనే ఊరు. సాల్ట్ లేక్ సిటీకి దక్షిణాన, సాఫ్ట్‌వేర్ కంపెనీలు బారులు తీరిన లోయలో ఉంది. ఊరి పేరే ఆ కుర్రాళ్ళ సంఘంవాళ్ళ మోర్మన్ గ్రంథంలోని ఒక ప్రవక్త పేరు. అన్నట్టు, ‘మోర్మన్’ అనడం వాళ్ళకిప్పుడు ఇష్టం లేదు. 2018లో సంఘం పూర్తి పేరు వాడమని వాళ్ళ అప్పటి అధ్యక్షుడు గట్టిగా చెప్పాడు. ‘యేసు క్రీస్తు కడవరి దినాల పరిశుద్ధుల సంఘం’ అన్నమాట. కవరు మీద ఇంత పేరు రాస్తే విలాసానికి చోటుండదని నా ఉద్యోగబుద్ధికి అనిపించింది గానీ, ఎవరి పేరు వాళ్ళ ఇష్టం.

విలాసాల విషయంలో మాత్రం యూటా పోస్ట్‌మన్‌ల స్వర్గం. ఊరి నడుమ ఒక సున్నా. అక్కడి నుంచి ఉత్తరానికి ఇన్ని వందలు, పడమరకు ఇన్ని వందలు. ఇంటి నంబరే గ్రాఫు కాగితం మీద చుక్క. సాల్ట్ లేక్‌లో అయితే ఆ సున్నా వాళ్ళ ఆలయ ప్రాంగణం మూలలో ఉంది. ‘రామాలయం వెనక సందు, వేపచెట్టు పక్క పెంకుటిల్లు, సుబ్బమ్మగారి అల్లుడికి’ అన్న విలాసాలకు పదకొండేళ్ళు ఉత్తరాలు చేర్చిన నాకు కళ్ళు చెమర్చినంత పనైంది.

వాళ్ళ సంఘాన్ని కూడా పోస్ట్‌మన్ బీట్ల మాదిరిగానే విడగొట్టుకున్నారు. కొన్ని వీధులు కలిస్తే ఒక ‘వార్డు’. నీ ఇల్లు ఏ వార్డులో ఉంటే నీ ఆరాధన అక్కడే. పాస్టరు నచ్చలేదని పక్క చర్చికి పోయే వీలు లేదు. ఈ కుర్రాళ్ళకూ అంతే. సువార్త చెప్పడానికి ఎక్కడికి పంపుతారో ముందు తెలియదు. పిలుపు వస్తుంది, అందులో ఏ దేశం రాసి ఉంటే ఆ దేశం. అబ్బాయిలకు రెండేళ్ళు, అమ్మాయిలకు ఏడాదిన్నర. జీతం లేదు, పైగా 2020 నుంచి నెలకు 500 డాలర్లు ఇంటివాళ్ళే కట్టుకోవాలి. పొద్దున్న ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. ఎప్పుడూ జంటగా ఉండాలి. ఆ జంట కూడా తాము ఎంచుకున్నది కాదు. ఇలాంటివాళ్ళు ప్రపంచమంతా 70 వేలకు పైగా ఉన్నారు. 2019 దాకా ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు, అమ్మల పండక్కి. ఇప్పుడు వారానికోసారి. ఆ పాత నియమం నాకు ససేమిరా నచ్చలేదు. కొడుకు గొంతు కోసం ఏడాదిలో రెండు రోజులు కాచుకున్న తల్లులకు లోకంలో ఏ పోస్టాఫీసూ నష్టపరిహారం ఇవ్వలేదు.

“ఇవాళ ఎన్ని తలుపులు?” అని అడిగాను మజ్జిగబ్బాయిని.

“పదిహేడు.”

“ఎన్ని తెరిచారు?”

“మీదొక్కటే. ఈ వీధిలో సగంమంది మా సంఘంవాళ్ళే. తక్కిన సగం మమ్మల్ని కిటికీలోంచి చూసి టీవీ కట్టేస్తారు.”

అని పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

*

నా బీటులో ఒక కాలవ గట్టు ఉండేది. దాని చివరి ఇల్లు ఒక ముసలావిడది. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. రెండు నెలలకో మూడు నెలలకో ఒక ఉత్తరం వచ్చేది. నేను మాత్రం వారానికి రెండుసార్లు ఆగేవాణ్ణి, ఎందుకంటే ఆవిడ గట్టు మీద నిలబడి ఉండేది. “ఏవన్నా ఉందా బాబూ?” అనేది. “లేదు మామ్మా” అనేవాణ్ణి. “సరే అయితే, ఇది కాస్త చూడు” అనేది.

‘ఇది’ అంటే సూదులు. పాత క్యాలెండరు అట్టకు వరసగా గుచ్చిన ఐదు సూదులు, పక్కన తెల్లదారం ఉండ. ఆవిడ బొంతలు కుట్టేది. చూపు ఆనక సూదిలోకి దారం ఎక్కేది కాదు. నేను సైకిలుకు స్టాండు వేసి, దారం కొస నాలుకతో తడిపి, ఐదు సూదులకూ ఎక్కించి అట్టకు గుచ్చి ఇచ్చేవాణ్ణి. ఐదు సూదుల దారం మళ్ళీ నేనొచ్చేదాకా సరిపోయేది. ఒక్కోసారి నాలుగే గుచ్చి ఉండేవి, ఒకటి విరిగిందని చెప్పేది. అప్పుడు నేను రాజోలులో ఓ పొట్లం కొనేవాణ్ణి, పది పైసలో ఎంతో.

ఈ పని ఏ రూలు పుస్తకంలోనూ లేదు. ఆ గట్టు మీదకు నేను వెళ్ళాల్సింది ఉత్తరం ఉంటేనే. ఉత్తరం లేని రోజున కూడా వెళ్ళానంటే, సూదులకోసం. ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మొదట్లో విసుక్కున్నాను. “నేనేమైనా దర్జీనా?” అని ఒకరోజు అన్నాను కూడా. ఆవిడ ఏమీ అనలేదు, అట్ట వెనక్కి తీసుకుంది. ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

ఈ కుర్రాళ్ళను చూస్తే ఆ అట్ట గుర్తొచ్చింది. వీళ్ళను పంపింది సువార్త చెప్పడానికి. వింటారా అంటే ఎవరూ వినరు. పొద్దస్తమానం ఊరంతా తిరిగే కాళ్ళు, పక్కనే ఇంకో జత చేతులు, చెప్పబోయే మాటకు శ్రోతలు లేరు. అలాంటి మనిషికి కళ్ళు పనిచేయడం మొదలెడతాయి. పక్కకు పడిపోయిన చెత్తడబ్బా, కారు బ్యాటరీ డౌనైన పొరుగావిడ, ఒంటరిగా సోఫా మోస్తున్న మనిషి. ఇంట్లో కూర్చున్నవాడికి ఇవి కనబడవు, కారులో పోయేవాడికి అసలే కనబడవు. వాళ్ళ నియమాల్లో ముందే అనుకుని చేసే సేవకు కొన్ని గంటలు కేటాయిస్తారట. దారిలో అనుకోకుండా తగిలే పనులకు మాత్రం గంటల లెక్క లేదు, కళ్ళు తెరుచుకుని ఉండమంటారంతే. నాకు నచ్చింది ఈ రెండోదే.

అల్లుడు కాలిఫోర్నియా నుంచి వచ్చాక సంగతి విని నవ్వాడు. “మావయ్యగారూ, అదంతా ఎర. ఇవాళ బ్యాటరీ, రేపు పుస్తకం, ఎల్లుండి బాప్తిస్మం.”

కొట్టిపారేయదగ్గ మాట కాదు. మన ఊళ్ళలో సాయానికీ మతానికీ ముడిపెట్టి ఎన్ని తగువులు చూశాం? అందుకే మళ్ళీ వచ్చినప్పుడు మజ్జిగబ్బాయినే సూటిగా అడిగేశాను. వాడు ఏమాత్రం నొచ్చుకోలేదు. “చెప్పాలనే వస్తాం సర్. మీరు వింటానంటే ఇప్పుడే మొదలెడతాను. వద్దంటే ఆ బ్యాటరీ ఊడదీసుకుని పోం కదా” అన్నాడు. మా ఇలవేలుపు అంతర్వేది నరసింహస్వామి అనీ, ఈ వయసులో ఆయన్ను వదిలే ఉద్దేశం లేదనీ చెప్పాను. నరసింహస్వామి ఎవరు అన్నాడు. స్తంభం కథ చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు. అలా ఆ పూట బోధ చేసింది నేను.

అల్లుడి మాటకు నా జవాబు ఇది. నేను సూదులకు దారం ఎక్కించిన ప్రతిసారీ ఒంటి మీద ఖాకీ బట్టలే ఉన్నాయి. దసరా మామూలుకు ఆవిడ రూపాయి ఇస్తే తీసుకున్నాను కూడా. ఎవరి పని మీద వాళ్ళు వచ్చినవాళ్ళమే. వచ్చిన పని ఎలాగూ చేస్తాం. చేతిలో పడ్డ రెండో పనికి ఏమంటామన్నదే నేను చూస్తాను. ఎర వేసినవాడు చేప పడకపోతే గాలం తీసుకుని పోతాడు. వీళ్ళు నరసింహస్వామి కథ విన్న తర్వాత కూడా నాలుగుసార్లు వచ్చారు.

*

వాళ్ళు చెప్పిన ఒక పాత కథ మాత్రం నా వృత్తికి దగ్గరగా తగిలింది. సంఘం పెట్టిన జోసెఫ్ స్మిత్‌కు శామ్యూల్ అని తమ్ముడున్నాడు. 1830లో అచ్చయిన మోర్మన్ గ్రంథం ప్రతులు సంచిలో వేసుకుని న్యూయార్క్ పల్లెల్లో నడిచాడు. ఆ జూన్ ఆఖరున బయలుదేరిన మొదటి రోజే పాతిక మైళ్ళు నడిస్తే ఒక్కరూ కొనలేదు. సత్రంవాడు కూడా గెంటేస్తే ఆపిల్ చెట్టు కింద పడుకున్నాడని వాళ్ళ అమ్మ రాసుకుంది. తన తిరుగుడంతా వృథా అనే అనుకున్నాడతను. కానీ అతను ఇచ్చిన పుస్తకాలు ఒక కుటుంబంలో చేతులు మారాయి. అన్న చదివాడు, బావ చదివాడు, చివరికి బ్రిగమ్ యంగ్ అనే వడ్రంగి చేతికొచ్చాయి. అతను రెండేళ్ళు ఆలోచించి 1832లో చేరాడు. 1847లో తన జనాన్ని వెంటబెట్టుకుని సాల్ట్ లేక్ లోయకు వచ్చింది అతనే. మా అమ్మాయి ఇంటి నంబరుకు గ్రాఫు గీతలు గీసిన జనం వాళ్ళే.

విలాసం లేని టపా అది. మా ఆఫీసులో అయితే వాపసు ఉత్తరాల కట్టలో పడేసేవాళ్ళం.

ఆ రోజే వాళ్ళ దగ్గర తెలుగు పుస్తకం ఒకటుందని తెలిసింది. దాని వెనక సంగతులు నేనే ఆరా తీసి తెలుసుకున్నాను. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అని తెలుగు దంపతులు. ఉద్యోగరీత్యా సమోవాలో ఉండగా ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో కొద్దికాలానికి మిషనరీలుగా హైదరాబాదుకు వచ్చి, తమ బంధుమిత్రుల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు సంఘంలో బోధకుడు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఆయనే. కొన్ని భాగాలు 1982లో అచ్చయ్యాయి. 2012లో దేశంలో మొట్టమొదటి ‘స్టేక్’, అంటే కొన్ని వార్డుల కూటమి, హైదరాబాదులోనే పెట్టారు. విశాఖలోనూ మా రాజమండ్రిలోనూ వాళ్ళ సమాజాలున్నాయట. రాజమండ్రిలో పదేళ్ళు పనిచేసినవాణ్ణి, ఈ సంగతి యూటా వచ్చి తెలుసుకున్నాను.

మజ్జిగబ్బాయికి మాత్రం నేను చెప్పేదాకా ధర్మరాజు దంపతుల ఊసే తెలియదు. “మా సమోవా నుంచా?” అని రెండుసార్లు అడిగాడు. ఆ పూట వాడు కూర్చున్న తీరే మారిపోయింది. బంధువుల ఇంటికొచ్చినవాడిలా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

*

వాళ్ళు నాకు చేసిన అసలు సాయం బ్యాటరీ కాదు. అది ఒక శనివారం జరిగింది.

పక్కింటివాళ్ళు ఇల్లు మారుతున్నారు. వీధిలో పెద్ద ట్రక్కు ఆగింది. ఎవరూ పిలవకుండానే వార్డులోవాళ్ళు ఇరవైమంది దాకా చేరి చీమల బారులా సామాను మోస్తున్నారు. మావాళ్ళిద్దరూ టైలు విప్పేసి పియానో కింద దూరారు. నేను వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్నాను. అమెరికాలో నా ఉద్యోగం అదే, కుర్చీ వేసుకుని చూడటం. కారు నడపలేను. ఫోనులో వాళ్ళ యాస అర్థం కాదు. చెత్త ఏ రోజు ఏ డబ్బాలో వెయ్యాలో మనవరాలు చెప్పాలి. 36 ఏళ్ళు ఊరికంతటికీ కావలసినవాణ్ణి, ఇక్కడ దిగినప్పటినుంచీ ఒక్కరికీ కాను. ఈ మాట మా ఆవిడతో కూడా అనలేదు. ఆవిడ మటుకు వంటిల్లు పట్టుకుని నిలబడిపోయింది, ఆడవాళ్ళకు ఆ ఒక్క సౌకర్యం ఉంది, అది సౌకర్యమో కాదో వాళ్ళనే అడగాలి.

పియానో ట్రక్కెక్కించి మజ్జిగబ్బాయి చెమటలు కక్కుతూ మా వరండా దగ్గరకు వచ్చాడు. “సర్, ఒక సాయం కావాలి” అన్నాడు. ఆ మాట ఆ దేశంలో నాతో అన్న మొదటి మనిషి వాడు.

ఒక దీపం గొడుగు నా చేతిలో పెట్టాడు. పాతకాలపుది, గుడ్డతో కుట్టిన అంచు, ఇంటావిడ వాళ్ళమ్మ చేసిందట. “ఇది పెట్టెలో పెడితే నలిగిపోతుంది. ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. మీరు ట్రక్కు ముందు సీట్లో కూర్చుని కొత్త ఇంటిదాకా వస్తారా?”

వెళ్ళాను. ఎనిమిది మైళ్ళు. రిజిస్టరీ పార్సిలు పట్టుకున్నట్టే పట్టుకున్నాను. దారిలో డ్రైవరు ఏదో అడిగాడు, సగం అర్థమైంది. టింపనోగస్ కొండ మీద మంచు చూపించాడు. కొత్త ఇంట్లో ఆ గొడుగును ఇంటావిడ చేతికిస్తే, అంచు ఒకచోట కుట్టు వదిలిందని చూపించింది. సూది ఉందా అని అడిగాను. ఉంది. కళ్ళజోడు సర్దుకుని దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించాను, ఎక్కలేదు. పక్కనే ఉన్న ఐడహో అబ్బాయి తీసుకుని ఎక్కించి ఇచ్చాడు. కుట్టింది మాత్రం నేనే.

అది వాడు కావాలని కల్పించిన పనా, నిజంగా ఆ గొడుగుకు మనిషి అవసరమా, ఇప్పటికీ నాకు తేల్చుకోవాలని లేదు.

ఆ నెలాఖరున ఐడహో అబ్బాయిని బదిలీ చేశారు. ఆరేసి వారాలకోసారి ఎవరెక్కడికో తేలుస్తారట. మజ్జిగబ్బాయికి కొత్త జోడీ వచ్చాడు. ఇంకో ఆరు వారాలకు మజ్జిగబ్బాయికీ ఉత్తరం వచ్చింది. చెప్పడానికి వచ్చిన రోజు మా ఆవిడ సీసాలో ఆవకాయ పెట్టి ఇచ్చింది. వాడి కళ్ళల్లో నీళ్ళు చూసి ప్రేమ అనుకున్నాం, ఒక ముక్క అక్కడే నోట్లో వేసుకున్నాడని తర్వాత తెలిసింది.

మీరూ పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళి ఉంటే, ఏదో ఒక మధ్యాహ్నం తెల్ల చొక్కాల జంట ఒకటి మీ తలుపు తట్టి రెండడుగులు వెనక్కి వేస్తుంది. మతం మాట వద్దంటే వద్దనే చెప్పండి, ఏమీ అనుకోరు. సాయం కావాలా అంటే మాత్రం వెంటనే ‘నో’ అనకండి, ఒకసారి కప్పు వైపు చూడండి. టీ పెట్టకండి, తాగరు. మజ్జిగ ఇవ్వండి.